ఇంటి బేరం

ఉప్పెన దివిసీమను ఊడ్చుకుపోయిన మరుసటి ఏడు, రోహిణి ఎండలు ఇంకా పోకముందే, మా ఇంట్లో మజ్జిగ ఆగిపోయింది.

ఆఖరి ముద్దకు కంచంలో నీళ్ళు పోసింది నా భార్య తెరేసమ్మ. నేను కంచం వంక చూశాను. తర్వాత ఆమె వంక చూశాను.

"నన్నేం చూస్తావు? కొట్టం వంక చూడు. గేదె ఉంటే మజ్జిగ ఉంటుంది."

గేదె పొద్దున్నే పోయింది. నేను రేషను షాపుకు వెళ్ళి వచ్చేలోపు మా అబ్బాయి జాన్‌బాబు తోలుకుపోయి అమ్మేశాడు. గేదె జోలికి పోనని నాలుగు రోజుల కిందట వాళ్ళమ్మ ముందు బైబిలు మీద చెయ్యి వేసినవాడే. పలుపు కూడా మిగల్చలేదు.

"గేదెతోపాటు పేడ కూడా పోయింది కదా అత్తయ్యా, ఆ మాట చెప్పరేం?" అంది కోడలు సువార్తమ్మ, గుమ్మంలో బియ్యం ఏరుతూ. "ఆయన ఇక బెజవాడలో స్థలాల ఏజెంటు. ఏజెంటు ఇంటిముందు పేడకుప్ప ఉంటే గడపెవరు తొక్కుతారు?"

"ఏజెంటంట! పెళ్ళిళ్ళ పేరయ్యకైనా పిల్ల ఉండాలి, పిల్లాడుండాలి. నీ మొగుడికి అమ్మేవాడూ లేడు, కొనేవాడూ లేడు. ఎవడికి ఎవణ్ణి ముడేస్తాడే?"

"ఏజెంట్ల సంఘంలో చేరితే వాళ్ళే వస్తారు."

"గేదె డబ్బేమయింది?" అని నేను అడిగాను.

సువార్తమ్మ చేట కింద పెట్టింది. ఈ ప్రశ్న కోసమే పొద్దుటినుంచీ కాచుకుని ఉన్నట్టుంది.

"ప్రవేశ రుసుం ఐదు వందల పదహార్లు మామయ్యా."

"పదహార్లేంటే? మనం కిరస్తానీ వాళ్ళమైతే?" అంది తెరేసమ్మ.

"అందరికీ పదహార్లే అత్తయ్యా. ఆ ఒక్క రూల్లో మాత్రం కులం, మతం చూడరు. మిగతాది రెండు టెరిలిన్ చొక్కాలకి, తోలు సంచికి. పేరు అచ్చేసిన కార్డులు మూడొందలు."

"మూడొందల మంది తెలుసా వాడికి?"

"తెలిసినోళ్ళకి కార్డెందుకు అత్తయ్యా? తెలియనోళ్ళకే ఇచ్చేది."

కంచంలోనే చెయ్యి కడిగాను.

సర్వేయర్ల వెనక గొలుసు లాగుతూ ముప్పై ఏళ్ళు తిరిగినవాణ్ణి నేను. పొలం కొలిచే ప్రతి చోటా ఈ మధ్యవర్తులను చూశాను. గట్టు దిగరు. చెప్పుకు బురద అంటకుండా ఎకరాలు అమ్ముతారు. అమ్మేవాడి చెవిలో ఇది చవుడు అంటారు, కొనేవాడి చెవిలో బంగారం అంటారు, రెండు మాటలకూ రెండు చేతులా పుచ్చుకుంటారు. కొంగ నయం. తిండి కోసం అదైనా నీళ్ళలోకి దిగుతుంది.

అలాంటివాళ్ళు డెబ్బై మంది కలిసి గవర్నరుపేటలో సైకిలు షాపు మీద మేడగది అద్దెకు తీసుకుని, తలుపు మీద బోర్డు కట్టి, సంఘం అన్నారు. వాళ్ళలో కలవడానికి నా కొడుకు గేదెను అమ్మాడు.

ఒంటిగంట దాటాక జాన్‌బాబు వచ్చాడు. కొత్త చొక్కా మడతలు ఇంకా విడలేదు. వెనక గొడుగేసుకుని ఆ సంఘం సెక్రటరీ తిరుపతిరావు.

తెరేసమ్మ గ్లాసుతో మంచినీళ్ళు తెచ్చింది. ఇప్పుడే తాగి వచ్చానన్నాడాయన. జేబురుమాలు తీసి మా అరుగు మీద పరిచి, దాని మీద కూర్చున్నాడు. మా నీళ్ళు పనికిరాలేదు. మా పదహార్లు పనికొచ్చాయి.

"శౌరయ్యగారూ, అబ్బాయి దరఖాస్తు పాసయినట్టేనండీ. మీ సంతకం ఉండబట్టి మా ప్రెసిడెంటు బసవపున్నయ్యగారు మారు మాట్లాడలేదు. పెద్దవాళ్ళ సంతకం అంటే అదీ. ఇక రేపు పదింటికి మీరు రిజిస్ట్రారాఫీసుకు వచ్చి ఒక్క మాట చెబితే చాలు."

"ఏ సంతకం?" అన్నాను.

జాన్‌బాబు చెప్పులు విడిచి, విడిచిన చెప్పులను కాలితో సర్దసాగాడు.

"అదేనండీ, మీ చెల్లెలిగారి పది సెంట్ల అమ్మకం కాగితం మీద. పెద్ద సాక్షి మీరేగా!"

నాలుగు రోజుల కిందటి సంగతి. జాన్‌బాబు కాగితం తెచ్చి, మణెమ్మత్త అంగడికి కరెంటు దరఖాస్తు నాన్నా, ఇక్కడ ఒక సంతకం పెట్టు అన్నాడు. మా ఇబ్రహీంపట్నంలో ఆకాశమంత ఎత్తు పొగగొట్టాలు కడుతున్నారు, కరెంటు పుట్టించడానికి. వాటి ఎదురుగా అంగట్లో మణెమ్మ కిరసనాయిలు బుడ్డి పెట్టుకుని ఇడ్లీ వాయి దింపుతుంది. మంచిదేనని సంతోషించాను. నేను కూడబలుక్కుని చదివేసరికి పొద్దు వాలుతుంది. కోడలు ఎదురుగా నిలబడి ఉంది. చదవకుండానే పెట్టాను.

"కరెంటు అన్నావు" అన్నాను జాన్‌బాబుతో.

వాడు చెప్పులు ఇంకా సర్దుతూనే ఉన్నాడు.

"ఆ పది సెంట్లు ఎందుకమ్మాలి?" అని తెరేసమ్మ అడిగింది సెక్రటరీని.

"ఇంటి బేరం అమ్మా!" అన్నాడు తిరుపతిరావు, ఈ మాత్రం తెలియదా అన్నట్టు. "కొత్తగా చేరేవాడు మొదటి బేరం సొంతవాళ్ళ ఆస్తే తేవాలి. పినతండ్రిదో, అత్తదో, అన్నదో, దగ్గరి చుట్టరికం ఉండాలి. మా సంఘం పుట్టిననాటి ఆచారం ఇది. ఇంటివాళ్ళే నమ్మి చేతికివ్వని మనిషికి బయటివాడు ఆస్తి ఎలా అప్పజెబుతాడు చెప్పండి? అప్పజెప్పారనటానికి ఇంటిపెద్దే వచ్చి, రిజిస్ట్రారు ముందు ఈ మనిషి నాకు తెలుసునని గుర్తుపట్టాలి. బయటి సాక్షి పనికిరాడు."

"నువ్వెవరిది అమ్మావు బాబూ చేరేటప్పుడు?"

"మా బావమరిది మామిడితోట" అన్నాడు గర్వంగా. "నూజివీడు పక్కన. మూడెకరాలు."

"ఇప్పుడెలా ఉన్నాడు మీ బావమరిది?"

"మాట్లాడడు లెండి."

చెప్పి నవ్వాడు. నవ్వుతూనే మొలలో దోపుకున్న తాళాలగుత్తి సర్దుకున్నాడు.

"కొనేదెవరు?" అన్నాను.

"సీనియరు సభ్యులే కొనాలండి, అదీ రూలే. ఈసారి ప్రెసిడెంటుగారి వంతు వచ్చింది. వాళ్ళావిడ బుల్లెమ్మగారి పేరు మీద రాయించుకుంటున్నారు."

"సెంటెంత?"

"ఆరు వందలు."

"ఆ రోడ్డు మీద పద్నాలుగు వందలు పలుకుతోంది."

"అది బయటి ధరండీ. ఇంటి బేరానికి సంఘం ధర వేరు. అందులో కమీషను కూడా అబ్బాయికి రాదు, సంఘం నిధికి జమ. రెండో బేరం నుంచీ అంతా అబ్బాయిదే."

అప్పుడు తెలిసింది నాకు. వీళ్ళు స్థలాలమ్మి బతకడం లేదు. చేరడానికి వచ్చినవాళ్ళను తిని బతుకుతున్నారు. ఏడాదికి పది మంది చేరితే, పది మంది అత్తలవి, అన్నలవి, బావమరుదులవి సగం ధరకు వస్తాయి. ఆ తర్వాత ఆ పది మంది ఏం అమ్ముకున్నా, ఏమీ అమ్మలేక మానుకున్నా వీళ్ళకేం?

తిరుపతిరావు లేచి రుమాలు దులుపుకున్నాడు. అది దులిపిన తీరు చూసి తెరేసమ్మ గ్లాసులోని నీళ్ళు ఆయన కాళ్ళ ముందే పారబోసింది. ఆయన ఒక అడుగు వెనక్కి వేశాడు.

"రేపు పదింటికి" అన్నాడు జాన్‌బాబుతో, నన్ను చూడకుండా. "ఆలస్యమయితే ప్రెసిడెంటుగారు ఊరుకోరు."

గొడుగు వీధి మలుపు తిరిగింది.

"సిగ్గు లేదంట్రా?" అంది తెరేసమ్మ. "క్వారీలో బండ పడి మొగుడు పోతే, కాంట్రాక్టరు పడేసిన డబ్బుతో కొనుక్కుంది ఆ పది సెంట్లు. నాకు టైఫాయిడ్ వస్తే ఆరు నెలలు నిన్ను చంకనేసుకుని తిప్పింది. ఆ చంకే దొరికిందా నీకు కోసుకు తినడానికి?"

"ఊరికే తీసుకుంటున్నానా? ఆరు వేలొస్తాయి అత్తకి. మనింట్లో ఉంటుంది. ఇంకా పొగలో కూర్చుని ఇడ్లీలు అమ్మాలా ఆ వయసులో?"

"అడిగిందా నిన్ను?"

"అమ్మా, నువ్వాగు. నేను నాన్నతో మాట్లాడుతున్నాను." జాన్‌బాబు నా వైపు తిరిగాడు. "ఉయ్యూరు చక్కెర ఫ్యాక్టరీలో ఎనిమిదేళ్ళు సీజను కూలీ చేశాను. చెరుకు ఉన్నన్నాళ్ళు మనిషిని, అయిపోతే పిప్పిని. నువ్వు ముప్పై ఏళ్ళు జిల్లా అంతా కొలిచావు. నీకేం మిగిలింది? ఎవడి గట్టు ఎక్కడో నీకు తెలుసు. నీ గట్టు ఎక్కడ నాన్నా?"

"కరెంటన్నావు" అన్నాను మళ్ళీ.

"అన్నాను! నువ్వు కాగితం తిప్పి చూశావా? ఇదేంట్రా అని అడిగావా? నువ్వు అడగవు. నా పెళ్ళప్పుడు అడగలేదు, ఫ్యాక్టరీ వాళ్ళు తీసేసినప్పుడు అడగలేదు. ఇంట్లో ఎవరేం చేసినా గోడలాగా కూర్చుంటావు. గోడకి ఏది ఆనిస్తే అది ఆనుతుంది. అదీ నా తప్పేనా?"

సువార్తమ్మ చేట తీసుకుని లోపలికి పోయింది. మొగుడు గెలిచే చోట ఉండదలుచుకోలేదో, ఓడే చోట ఉండదలుచుకోలేదో తెలియలేదు.

నేను కండువా వేసుకుని బయలుదేరాను.

మణెమ్మ అంగడి థర్మల్ రోడ్డు మీద. రెండు తాటాకు పందిళ్ళు, ఒక బల్ల, వెనక ఇల్లు. నేను వెళ్ళేసరికి రేపటికి పప్పు నానబోస్తోంది. రేపు రిజిస్ట్రేషను పెట్టుకుని కూడా పప్పు నానబోస్తోంది.

"రా అన్నయ్యా. ఎండలో వచ్చావేంది?" అని బల్ల తుడిచింది. "మొహం అట్టా ఉందేం? వదిన గొడవ పెట్టిందా గేదె గురించి?"

"ఆ కాగితం మీద నువ్వు వేలిముద్ర ఎందుకేశావు?"

మణెమ్మ చెయ్యి పప్పులోనే ఆగింది.

"ఎందుకేంది? జాను చూపించాడుగా నీ సంతకం. మొదటి అక్షరం మీద మెలిక నువ్వు తిప్పినట్టు ఇంకెవరూ తిప్పరు, చదువు రాకపోయినా నాకు తెలుసు. అన్నయ్యే పెట్టాక నేనడిగేదేముందని ఏశా."

నేను బల్ల మీద కూర్చున్నాను. ఒక లారీ పోయింది. దుమ్మంతా పందిట్లోకి వచ్చింది. కుండ మీద పళ్ళెం మూసి, దుమ్ము ఆగాక తీసింది.

"నువ్వు అమ్మమన్నావనే..." అంది మెల్లిగా. "లేకపోతే నాకేం తొందర? ఈ ఫ్యాక్టరీ కట్టడం అయ్యేదాకా కూలీలు వస్తానే ఉంటారు. రోజుకి నాలుగు వాయిలు చాలవు. సరేలే. నువ్వు ఆలోచించకుండా చెయ్యవుగా."

నేను కరెంటు కోసమనుకున్నాను అనే మాట నోటిదాకా వచ్చింది. చెబితే, తను చంకనేసుకుని పెంచినవాడు తనను మోసం చేశాడని తెలుస్తుంది. చెప్పకపోతే, అన్నే అమ్మించాడని అనుకుంటుంది. రెండోదే నయమనిపించింది.

"అమ్మొద్దు" అన్నాను.

"ఇప్పుడా?" నవ్వింది. "బయానా వెయ్యి ఇచ్చారు. అదట్టాగే జానుకిచ్చా, సంఘానికి డిపాజిట్టు కట్టుకుంటానంటే. ఇప్పుడు నేను కాదంటే రెండింతలు కట్టాలంట. యాడుంది? పైగా వాణ్ణి సంఘంలోంచి గెంటేస్తారంట. టెరిలిన్ చొక్కా తొడుక్కుని వచ్చి చూపించాడు ఇందాక. చిన్నప్పుడు జ్ఞానస్నానం రోజున కూడా అంత తెల్లగా లేడు."

"ఎక్కడుంటావు?"

"మీ కొట్టంలో. చెప్పలేదా నీకు? గేదెను తోలేశాక కడిగి సున్నం కొట్టిస్తానన్నాడు. తూర్పు వైపు కిటికీ కూడా పెట్టిస్తాడంట." పప్పు కుండను పక్కకు జరిపింది. "వాసన పోద్దిగా అన్నయ్యా, సున్నం కొడితే?"

నేను లేచాను.

"మాట తిప్పుకోమని మాత్రం అనబాక. వేలు ఏశా. రేపు రిజిస్ట్రారుగారు అడిగితే, ఇష్టపడే అమ్ముతున్నానని చెబుతా. నువ్వు పక్కనే ఉంటావుగా?"

"ఉంటాను" అన్నాను.

మర్నాడు పొద్దున నలుగురం బస్సెక్కాం. మణెమ్మ తెల్లచీర కట్టుకుంది, పండక్కి కట్టుకునేది. జాన్‌బాబు ఆమెకు కిటికీ పక్కన చోటిచ్చి, ఆమె చేతిసంచి తన ఒళ్ళో పెట్టుకున్నాడు. దారిపొడుగునా ఆమెకు స్థలాలు చూపిస్తూ ధరలు చెప్పాడు. ఆమె అన్నిటికీ ఊఁ కొట్టింది. తెరేసమ్మ జపమాల తిప్పుతూ కూర్చుంది.

రిజిస్ట్రారాఫీసు వరండాలో తిరుపతిరావు గడియారం చూసుకుంటున్నాడు. బసవపున్నయ్య జీపు దిగలేదు. కిటికీలోంచి మణెమ్మను ఒకసారి చూసి, సీటుకు చేరగిలబడ్డాడు.

మా వంతు వచ్చింది. రిజిస్ట్రారు కాగితం చదివాడు.

"ఏమమ్మా, ఇష్టపడే అమ్ముతున్నావా?"

"ఇష్టపడేనండీ."

"డబ్బు ముట్టిందా?"

"బయానా ముట్టింది. మిగతాది ఇక్కడే ఇస్తామన్నారు."

తిరుపతిరావు తోలుసంచి తట్టాడు. బంట్రోతు మణెమ్మ బొటనవేలు పట్టుకుని సిరా పూశాడు. రిజిస్ట్రారు నా వైపు తిరిగాడు. కళ్ళజోడు పైనుంచి చూశాడు.

"గుర్తుపట్టే సాక్షివి నువ్వేనా? ఏమయ్యా, ఈవిడ నీకు తెలుసా?"

జాన్‌బాబు నా మొహం చూసి ధైర్యంగా తల ఊపాడు, చెప్పు నాన్నా అన్నట్టు.

"తెలియదు" అన్నాను.

"ఏందీ?" అంది మణెమ్మ.

"నాన్నా!"

రిజిస్ట్రారు కాగితం దగ్గరగా పెట్టుకున్నాడు. "తెలియదా? అన్నగారు అని రాశారిక్కడ. నీ సంతకం కాదా ఇది?"

"సంతకం నాదే. చదవకుండా పెట్టాను. ఈవిడ ఎవరో నేనెరగను."

"ముసలాయనకు మతి లేదండీ!" అని తిరుపతిరావు ముందుకు వచ్చాడు. "నాకు తెలుసు సార్ ఈవిడ. నేను గుర్తుపడతాను, రాసుకోండి."

"నువ్వాగవయ్యా. రాసిన సాక్షి తెలియదంటుంటే నీ మాట మీద ముద్ర కొట్టి నేను జైలుకు పోవాలా? మనిషికి బదులు మనిషిని తెచ్చారేమో నాకేం తెలుసు? విచారణ జరగాలి."

"అన్నయ్యా!" మణెమ్మ నా చొక్కా చేతిని పట్టుకుంది. "అన్నయ్యా, నేను, మణెమ్మని! ఏమయింది నీకు?"

రిజిస్ట్రారు పెన్ను మూత పెట్టబోతూ ఆగాడు. "అన్నయ్యా అంటోంది కదయ్యా?"

"ఇడ్లీలు అమ్ముకునే ఆవిడలాగా ఉంది. వచ్చిన ప్రతివాణ్ణీ అన్నయ్యా అనే పిలుస్తుంది."

పెన్నుకు మూత పడింది. కాగితం పక్కకు జరిగింది. బంట్రోతు తర్వాతి పేరు పిలిచాడు. తిరుపతిరావు జీపు వైపు పరిగెత్తాడు.

మణెమ్మ నా చెయ్యి వదిలేసింది. నా తెల్లచొక్కా మీద ఆమె వేలి సిరా అంటుకుంది. ఆమె అది చూసింది, నా మొహం చూసింది, వెళ్ళి జాన్‌బాబు పక్కన నిలబడింది.